తనకంటే పెద్ద లారీ

పొద్దున్నే షట్టరు ఎత్తడం భర్త పని, బల్ల తుడిచి పనిముట్లు సర్దడం ఆమె పని. షెడ్డులో ఎడమవైపు ఆయన పంక్చర్లు వేస్తాడు, కుడివైపు ఆమె బండ్ల కరెంటు పని చూస్తుంది. మెడలో ఎప్పుడూ మీటరు వేలాడుతుంది కాబట్టి అందరూ ఆమెను మీటరక్క అంటారు. నిజానికి ఆ మీటరుతో ఆమెకు పెద్దగా పని లేదు. బండి ఇనుము మీద ఒట్టి చెయ్యి ఆనిస్తే చాలు, దాని జబ్బు ఆమె ఒంట్లోకి వస్తుంది. బ్యాటరీ దిగిపోతే అరికాళ్లు చల్లబడతాయి. ఎలక వైరు కొరికితే చెవిలో గుయ్యిమంటుంది. చెయ్యి తియ్యగానే పోతుంది. అలవాటైన డ్రైవర్లు ముందు ఆమెకు కుర్చీ వేసి, పక్కన మంచినీళ్ల సీసా పెట్టి, అప్పుడు మాట మొదలుపెడతారు.

ఆ చెయ్యి తల్లి నుంచి వచ్చింది. తల్లి ఒకసారి మోటారు కాలిపోయిన ముసలి లారీని పట్టుకుంది. ఆ రోజు చచ్చుబడ్డ బొటనవేలు ఆవిడ పోయేదాకా మళ్లీ కదల్లేదు. అది చూస్తూ పెరిగిన మీటరక్క, తనకంటే వయసులో పెద్ద బండిని తొడుగు లేకుండా ముట్టుకోకూడదని నియమం పెట్టుకుంది.

ఆ రోజు షెడ్డు ముందు ఆగిన లారీ ఆమెకంటే పదేళ్లు పెద్దది. టైర్లలో గాలి కొట్టించుకుందామని ఇంజిన్ ఆపారు. అంతే, మళ్లీ సెల్ఫ్ తీసుకోలేదు. నడిపేది తేనెటీగలు పెంచే పెద్దాయన, పక్కన ఆయన భార్య. వెనక అరవై పెట్టెలు, వాటి నిండా ఈగలు.

"ఎండెక్కేలోపు తోటలో దించాలమ్మా," అంది ఆవిడ. "లేకపోతే లోపలే ఉడికి చస్తాయి."

మీటరక్క తొడుగులు వేసుకుంది. "బాబాయ్, లైట్లు వెయ్యండి." లైట్లు బాగానే వెలిగాయి. హారను మోగింది. బ్యాటరీ దగ్గర మీటరు ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. టెర్మినల్స్ బిగువుగా ఉన్నాయి. తాళం తిప్పితే మాత్రం టక్కుమని ఒక్క చప్పుడు, తర్వాత ఏమీ లేదు. సెల్ఫ్ మోటారు మీద స్పానరుతో నాలుగు దెబ్బలు వేసింది. అయినా అంతే.

పెట్టెల్లో రొద పెరుగుతోంది.

"చేత్తో చూడనా?" అని భర్త వైపు చూసింది.

"వద్దు," అన్నాడాయన, చేస్తున్న పని ఆపి. "మోటారు కాలిందేమో. మీ అమ్మ సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. అయినా తొడుగు తీసింది. కళ్లు మూసుకుని ఛాసిస్ ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించింది.

కుడి మడమలో తిమ్మిరి. అది ఆమెకు తెలిసిందే. ఎర్తింగు అందట్లేదు, కరెంటుకి తిరిగి వెళ్లే దారి లేదు. కానీ దానితోపాటు ఇంకొకటి వచ్చింది. ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టు బరువు, ఎడమ చెయ్యి చిటికెనవేలిదాకా లాగుడు, దవడ బిగుసుకుపోవడం. ఇంతవరకూ ఏ బండీ ఇలాంటి నొప్పి ఇవ్వలేదు. చెయ్యి లాక్కుని కుర్చీలో కూలబడింది. బొటనవేలు కదిలించి చూసుకుంది. కదిలింది.

అంతలోనే బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. రెండు జబ్బులున్నప్పుడు ఒకదాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని చూడాలి.

"బాబాయ్, ఒకసారి దిగి దూరంగా నిలబడండి."

ఆయన దిగాడు. ఆమె మళ్లీ ఆనించింది. మడమలో తిమ్మిరి ఒక్కటే.

"ఇప్పుడు ఆ తలుపు పట్టుకోండి."

ఆయన పట్టుకోగానే ఛాతీ మీద ఆ బరువు వచ్చి కూర్చుంది. ఒళ్లంతా చెమట పట్టింది. ఇది బండిది కాదు. ఇనుములోంచి మనిషి నొప్పి రావడం ఆమె ఎరగదు, తల్లి కూడా చెప్పలేదు.

"బాబాయ్, ఎడమ చెయ్యి లాగుతోందా?"

"గ్యాసమ్మా. పొద్దున పెట్టెలు ఎత్తాను కదా."

"దవడ?"

ఆయన చెయ్యి దవడ మీదికి వెళ్లింది. భార్య ఆయన మొహంలోకి చూసి ఒక్కసారిగా పాలిపోయింది. "నాతో ఒక్క ముక్కైనా అనలేదేం?"

"పిన్నీ, ఇది గుండె. కూర్చోబెట్టండి, నడవనివ్వద్దు."

మీటరక్క భర్త ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. షెడ్డులో ఉన్న జీపుకి ఇంజిన్ లేదు. తమ స్కూటరు మీద ఆ మనిషిని కూర్చోబెట్టడం జరిగే పని కాదు. కదలగలిగితే ఈ లారీయే కదలాలి.

మీటరక్క బండి కిందికి దూరింది. ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండాల్సిన ఎర్తింగు పట్టీ తుప్పు పట్టి తెగిపోయింది. పైకి వచ్చి లావుపాటి కేబులు తీసి, ఒక కొన బ్యాటరీ మైనస్‌కీ రెండో కొన ఇంజిన్ బోల్టుకీ బిగించింది. చేతులు జారుతున్నాయి, రెండుసార్లు స్పానరు కింద పడింది. "తిప్పండి," అంది భర్తతో.

ఇంజిన్ ఒక్క కుదుపుతో అందుకుంది. పెద్దాయన్ని ఎత్తి ఎక్కించారు. మీటరక్క భర్త నడుపుతుంటే, అరవై పెట్టెల ఈగలతో సహా లారీ ఆసుపత్రికి బయల్దేరింది.

తొడుగులు మళ్లీ వేసుకుని, మధ్యాహ్నం దాకా ఆమె ఏ పనీ ముట్టుకోలేదు. భర్త వచ్చి చెప్పాడు. గుండెకి వెళ్లే నరం ఒకటి పూడుకుపోయింది, తెరిచారు, మనిషి మాట్లాడుతున్నాడు. లారీని ఆసుపత్రి వెనక నీడలో పెట్టి పెద్దాయన తమ్ముడి చేత పెట్టెలు తోటకి పంపించాడు. నాలుగు పెట్టెల ఈగలు పోయాయి, మిగతావి బతికాయి.

ఆమె తల ఊపింది గానీ తొడుగులు తియ్యలేదు. ఆయన ఇనుప బల్ల మీద చెయ్యి వేస్తే, ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకుంది. షట్టరు ఆయన పట్టుకుంటే దూరంగా జరిగింది. సాయంత్రానికి ఆయనకి అర్థమైంది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, పెద్ద స్పానరు ఒక కొన తను పట్టుకుని రెండో కొన ఆమె వైపు చాపాడు.

"చూడు."

"నాకు భయంగా ఉంది."

"నాకూ అంతే. చూడు."

తొడుగు తీసి పట్టుకుంది. ఛాతీ తేలిగ్గానే ఉంది. ఎడమ చెయ్యి మామూలుగానే ఉంది. కుడి మోకాల్లో మాత్రం సన్నగా, ఆగి ఆగి ఒక పోటు.

"మోకాలు ఎన్నాళ్ల నుంచి?"

"వానలప్పటి నుంచి."

"చెప్పలేదేం?"

"నువ్వు భయపడతావని."

ఆ నొప్పి తన మోకాల్లో అలాగే ఉన్నా, ఆమె స్పానరు వదల్లేదు.