రుమాలు కింద రెండు వేళ్ళు

జయానందం రుమాలును మూడుసార్లు దులిపి, నాలుగు మడతలు పెట్టి, ఎడమ భుజం మీద వేసుకున్నాడు. గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్‌కు బయల్దేరే ముందు ఇంట్లో ఆయన చేసే ఆఖరి పని అదే. ముప్పైఎనిమిదేళ్ళుగా రుమాళ్ళు మారాయి గానీ దులపడం మారలేదు.

నిజానికి గంజ్‌లో రుమాలుకు పని పోయి చాలా ఏళ్ళయింది. ఒకప్పుడు కందుల కుప్ప దగ్గర కొనేవాడూ అమ్మేవాడూ రుమాలు కింద చేతులు కలిపి, నోరు మెదపకుండా ధర మాట్లాడుకునేవారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. అరచేయి మొత్తం నొక్కితే బేరం కుదిరినట్టు. పక్కనున్నవాడికి రుమాలు కదలడం తప్ప మరేమీ తెలియదు. శివరాజ్ సావుకారు దుకాణం తరఫున రుమాలు కింద పెట్టే చేయి జయానందానిది. బయట నోట్లో నాలుక లేని మనిషి, రుమాలు కింద మాత్రం గట్టివాడని పేరు. ఇప్పుడు ధరలన్నీ కంప్యూటర్‌లో పడుతున్నాయి. సావుకారు పాత మనిషిని వెళ్ళగొట్టలేక సంచులకు చీటీలు కట్టే పని ఇచ్చాడు. జయానందం కడుతున్నాడు. బాధపడ్డాడా అంటే, ఆ సంగతి ఆయనకే సరిగా తెలియదు.

గంజ్‌లో పోయిన రుమాలు బేరం ఇంట్లో మాత్రం నిలిచింది. చిద్రి వాడలో వాళ్ళు కాపురం పెట్టింది ఒంటిగదిలో. అందులోనే ఆయన తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు, ఆ తర్వాత ఉయ్యాల. మొగుడూ పెళ్ళామూ ఒక మాట అనుకోవాలంటే చోటేది? అందుకే పెళ్ళయిన కొత్తలోనే భార్య హేబ్సిబాకు వేళ్ళ భాష నేర్పాడు. ఒక వేలు పట్టుకుంటే వద్దు, ఉన్నదానితో సరిపెట్టుకుందాం అని. రెండు వేళ్ళు పట్టుకుంటే కావాలి, చేద్దాం అని. అరచేయి నొక్కితే సరే. ఎప్పుడూ ఆయనే ముందు వేలు పట్టుకునేవాడు, చాలాసార్లు ఒకటే. ఆమె అరచేయి నొక్కేసేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. హేబ్సిబా ముప్పైనాలుగేళ్ళు అడగకుండానే గడిపేసింది. అందులో ఇరవయ్యేడేళ్ళు హాస్టల్ వంటింట్లో పొగ మింగింది.

ఆ వేళ ఆయన చెప్పులు వేసుకోబోతుండగా ఫోన్ మోగింది. కూతురు షెకినా. ప్రతి నెలా ఒక కొత్త అద్దాల మేడ లేస్తున్న హైదరాబాదులో, అలాంటి ఒక మేడలోనే, తొమ్మిదో అంతస్తులో పనిచేస్తుంది. ఈ ఏడాది చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ రాగానే ఒక పంతం పట్టింది. అమ్మానాయనలను ఓడ ఎక్కించాలి. బొంబాయిలో ఎక్కి, మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి, మళ్ళీ బొంబాయిలో దిగడం. మెదక్ చర్చికీ, ఒకసారి సికింద్రాబాద్ కంటి దవాఖానాకూ తప్ప ముగ్గురూ కలిసి ఎక్కడికీ పోయింది లేదు.

"నాయినా, గది ఏది తియ్యాల్నో సాయంత్రం అయిదింటి లోపల చెప్పాలె. తర్వాత రేటు పెరుగుతది. ముగ్గురికి ఒకటే గది. లోపలిదైతే నా దగ్గరున్నదానికి సరిపోతది. కిటికీదైతే ఇంకింత ఎక్కువైతది. ఫోటోలు పంపిన, ఇద్దరు సూసి చెప్పుండ్రి."

హేబ్సిబా పిండి చేతులు చీర కొంగుకు తుడుచుకుని వచ్చి ఫోన్‌లోకి తొంగి చూసింది. మొదటి ఫోటోలో చిన్న గది, మూడు మంచాలు, వాటిలో ఒకటి పైకప్పు నుంచి దిగినట్టున్నది.

"ఆ గోడకు ఉన్నది కిటికీయేనా, బిడ్డా?"

"అద్దం అమ్మా. అది లోపలి గది. దానికి కిటికీ ఉండది."

"మరి సముద్రం?"

"పైకి పోయి సూడొచ్చు. మెట్లెక్కాలె గంతే."

రెండో ఫోటోలో కిటికీ ఉంది. కిటికీ నిండా నీళ్ళు. హేబ్సిబా దాన్ని చాలాసేపు చూసింది. ఆమె చర్చి ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పిన మనిషి. నవ్వుతూ అంది: "పావురాన్ని ఇడిసిన ఓడకు గూడ కిటికీ ఉండె గద."

"పండుకునేటందుకే గద గది. కిటికీ ఎందుకు?" అన్నాడు జయానందం.

"అవ్ గద," అని ఆమె రొట్టె దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్తూ గడప దగ్గర ఒక క్షణం ఆగి, రొమ్ము మీద చేయి పెట్టుకుని, రెండు మూడు గుక్కల గాలి పీల్చుకుంది. రెండు నెలలుగా అంతే. పడుకుంటే ఊపిరాడదని కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని నిద్రపోతుంది. గ్యాస్ అంటుంది, వాము నములుతుంది. దవాఖానాకు పోదామా అని ఒకసారి ఆయన అడిగాడు. పండుగ కానీ అంది. పండుగ అయిపోయింది. ఆయనకు తెలియక కాదు. తెలిసిన సంగతి వేళకు తోచాలి కదా.

గంజ్‌లో కంది సీజన్ ముమ్మరంగా ఉంది. లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. దుమ్ము, దుమ్ములో హమాలీల కేకలు. జయానందం కుప్ప కుప్పకూ తిరిగి చీటీలు కట్టాడు. కట్టే ముందు అలవాటుగా రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికేవాడు. పటుక్కుమంటే ఎండినట్టు. ఇప్పుడు ఆ సంగతి ఆయన్ని ఎవరూ అడగరు, తేమ చూసే యంత్రం వచ్చింది. అయినా కొరికేవాడు.

పన్నెండింటికి గోదాములో సంచుల పక్కన కూర్చుని రొట్టె విప్పాడు. హమాలీ నర్సప్ప వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. ఇద్దరూ ముప్పయ్యేళ్ళుగా ఎదురెదురుగా తింటున్నారు, మాటలు తక్కువ. ఆవేళ జయానందం ఓడ సంగతి చెప్పాడు. లోపలి గది, ఓడ గోడ వైపు కిటికీ గది అని రెండు రకాలున్నాయన్నాడు.

నర్సప్ప నమలడం ఆపి, వెనకనున్న సంచుల వరస వైపు గడ్డం చూపించాడు. "గిందులేమున్నదన్నా? గోడకానిన సంచికే చెమ్మ తాకేది. నడిమి సంచికి వానొచ్చినా ఏం గాదు. నీళ్ళ నడిమి పోయేటోళ్ళు నడిమి గదే తీస్కోవాలె."

ఆ మాట జయానందానికి నచ్చింది. ఏళ్ళ అనుభవం మాట అది. గంజ్‌లో ఎవరినడిగినా అదే చెబుతారు. సంచికి ఊపిరి అక్కర్లేదన్న సంగతి ఆ పూట ఇద్దరికీ గుర్తుకు రాలేదు.

చేయి కడుక్కుని కూతురికి ఫోన్ చేశాడు. "బిడ్డా, లోపలిదే తియ్యి."

"అమ్మ ఏమన్నది?"

"అమ్మ ఏమంటది?"

"సరే నాయినా. మీటింగుల ఉన్న. అయిదింటికి ముందు తీస్త."

పని ముగిసింది. ఆ తర్వాత ఆయనకు దేని గురించీ ఆలోచించాల్సిన అవసరం కనిపించలేదు. మిగిలిన చీటీలు కట్టాడు. ఒక లారీ కదిలింది, ఇంకొకటి ఆ చోటికి వచ్చింది. ఎండ గోదాము గుమ్మం దాకా వచ్చి అక్కడి నుంచి వెనక్కి తగ్గింది. మూడున్నరకు సావుకారు ఇక చాలు, ఇంటికి పొమ్మని చేయి ఊపాడు.

నాలుగుంబావుకు ఇల్లు చేరేసరికి హేబ్సిబా కిటికీ పక్క కుర్చీలో ఉంది. టీ చేసి గ్లాసు మీద మూత పెట్టింది. ముఖం మీద చెమట. జనవరిలో చెమటేమిటని ఆయన అడగలేదు. పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగాడు.

గ్లాసు కింద పెట్టగానే ఆమె ఆయన భుజం మీది రుమాలు లాగింది. మడతలు విప్పి తన ఒళ్ళో పరిచి, ఆయన చేయి పట్టుకుని దాని కిందికి తీసుకుంది. ఇంట్లో వాళ్ళిద్దరే. వినేవాళ్ళెవరూ లేరు. ముప్పైనాలుగేళ్ళలో బేరం ఆమె మొదలుపెట్టడం ఇదే మొదటిసారి.

రెండు వేళ్ళు పట్టుకుంది.

జయానందం ఒక వేలు పట్టుకున్నాడు. అలవాటు.

ఆమె మళ్ళీ రెండు పట్టుకుంది, ఈసారి ఇంకొంచెం గట్టిగా. ఆ చేయి చల్లగా, తడిగా ఉంది.

"నోటితోని చెప్పొచ్చు గద," అన్నాడు.

"నోటితోని పొద్దుగాలనే చెప్పిన గద," అంది హేబ్సిబా. కోపంగా అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

జయానందం మెల్లగా చేయి వెనక్కి తీసుకున్నాడు. లోపల సిగ్నల్ సరిగా రాదు. ఫోన్ తీసుకుని వాకిట్లో నల్లా దగ్గరికి నడిచాడు. మొదటిసారి షెకినా ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. నల్లా కింద బకెట్ నిండి పొర్లుతుంటే కట్టేశాడు. టైము చూశాడు, ఇరవై తక్కువ అయిదు. గంజ్‌లో ఎన్ని బేరాలు చేశాడో గానీ ఇంత గుబులు ఎన్నడూ పడలేదు. మూడోసారి ఎత్తింది.

"బిడ్డా, తీసినవా?"

"ఇప్పుడే తీస్తున్న నాయినా."

"ఆగు. కిటికీదే తియ్యి. ఎక్కువైతే నేనిస్త."

"పగటీలి లోపలిదే అన్నవ్ గద?"

"అమ్మ అడిగింది."

"అమ్మ అడిగిందా?" షెకినా నవ్వింది. "అయితే కిటికీదే నాయినా. ఇగో, తీస్తున్న."

ఆయన లోపలికి వచ్చాడు. హేబ్సిబా తల కుర్చీకి ఆనించి, కిటికీ వైపే ముఖం పెట్టుకుని ఉంది. చేయి రుమాలు కిందే ఉంది. నోటితో చెప్పబోయి ఆగాడు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, రుమాలు కింద చేయి పెట్టి, ఆమె రెండు వేళ్ళు పట్టుకున్నాడు.

అరచేయి నొక్కుతుందని చూశాడు. ఓపికగల మనిషి. గంజ్‌లో అవతలివాడు ఎంతసేపు ఆలోచించినా తొందరపెట్టేవాడు కాదు. కిటికీ బయట పక్కింటి కాశీబాయి కోళ్ళను గంప కిందికి తోలుకుంటోంది. ఒక కోడి తప్పించుకుంది. ఆమె దాన్ని తిట్టి పట్టుకుంది. గంప మూసింది.

అప్పుడు ఆయన తల తిప్పి హేబ్సిబా ముఖం చూశాడు.

కేక వేయలేదు, లేవలేదు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. లోపల ఎక్కడో తిమ్మిరెక్కిన కాలిలా ఏమీ తెలియకుండా ఉంది. ఆమె సముద్రం కోసం అడిగిందో, ఊపిరి కోసం అడిగిందో. పొద్దున అడిగినప్పుడే వినుంటే ఆ ఒక్క మాటైనా తెలిసేది. ఇక తెలియదు. ఫోన్ టింగుమంది. షెకినా పంపిన టికెట్. దానికింద ఒక ఫోటో, కిటికీ నిండా నీళ్ళు. జయానందం దాన్ని ఆమె వైపు తిప్పి కాసేపు పట్టుకున్నాడు. తర్వాత రుమాలు కింద, ఆమె తరఫున కూడా తనే, ఆ అరచేయిని నొక్కాడు.

కాశీబాయి వచ్చింది, ఆ వెనక వాడ వచ్చింది. పాస్టరయ్యకు కబురు వెళ్ళింది. చీకటి పడకముందే చర్చి గంట కొట్టారు. షెకినా దొరికిన బస్సు పట్టుకుని వచ్చింది. మర్నాడు పగలు పాటలు పాడుతూ హేబ్సిబాను మోసుకుపోయారు. జయానందం అందరితోపాటు నడిచాడు. నడుస్తూ రెండు మూడుసార్లు ఎడమ భుజాన్ని తడుముకున్నాడు. భుజం మీద ఏమీ లేదు.

కిటికీ పక్క కుర్చీలో రుమాలు ఉండిపోయింది, నడుమ కొంచెం ఎత్తుగా, ఎవరూ దులపకుండా, మడత పెట్టకుండా.