రెండు గీతల అబద్ధం

పెట్రోలు మీటరులో ఇంకా రెండు గీతలు వెలుగుతుండగానే నర్సమ్మ కారు నడిరోడ్డు మీద నీరసించింది. అలా జరగడం అది రెండోసారి. పాత హైబ్రిడ్ బండి కాబట్టి ఇంజను ఆగినా వెంటనే నిలిచిపోలేదు, బ్యాటరీ మీద ఇంకాస్త దూరం చీమలా పాకి, రోడ్డు పక్కకు చేరాక గానీ ప్రాణం వదల్లేదు. వెనక సీట్లో మందుల సంచి, కట్లు కట్టే సామాను అలాగే ఉన్నాయి. అవతల ఒక పెద్దాయన కాలి పుండుకి కట్టు మార్పించుకోవాలని కుర్చీలో కూర్చుని ఆవిడ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆవిడ రిక్షా పట్టుకుని వెళ్లేసరికి ఆయన విసిగిపోయి పాత కట్టు తానే విప్పుకోబోయి, పుండు రేపుకుని కూర్చున్నాడు.

నర్సమ్మకు అసలు పేరు ఒకటుంది గానీ, దాన్ని ఇంట్లోవాళ్లే మర్చిపోయారు. ఆవిడది వార్డులో కూర్చునే ఉద్యోగం కాదు. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం, సూదులు వేయడం, పసిపిల్లల్ని తూచి రావడం ఆవిడ పని. వార్డులో రోగి ఒక మంచం నంబరు, ఇంట్లో అయితే మనిషి అని ఆవిడ వాదన. ఆ వాదన వినే ఓపిక ఎవరికున్నా లేకపోయినా, పని మాత్రం ఆవిడ ప్రాణం పెట్టి చేస్తుంది. ఆ పనికి కారే కాళ్లూ చేతులూ.

హెడ్ నర్సు ఆ సాయంత్రమే పిలిపించింది. "నీ చేతి మీద నాకు నమ్మకముంది. నీ బండి మీదే లేదు. ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే నిన్ను వార్డులో వేసి, ఆ ఇళ్లకి ఇంకొకళ్లని పంపిస్తాను. ఏమనుకోకు" అంది.

అనుకోకుండా ఎలా ఉంటుంది? నర్సమ్మ దారంతా కళ్లు తుడుచుకుంటూ ఇల్లు చేరింది. ఇంట్లో ఆవిడ భర్త, లెక్కల మాస్టారు, సంగతంతా విని ఓదార్చాల్సింది పోయి నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడందట. పెట్రోలు పోయించుకోవడం మర్చిపోయి మీటరు మీద పడితే ఎలాగే?"

"మర్చిపోలేదండీ. మీటరే అబద్ధం చెబుతోంది."

"మిషన్లు అబద్ధాలు చెప్పవు. మనుషులు చెబుతారు."

"అయితే ఆ మనిషెవరో కనుక్కుంటా" అని నర్సమ్మ చెంగు బిగించింది.

ఆదివారం పొద్దున్నే కారుని మరిది షెడ్డుకి తోలించింది. మరిదిని ఇంట్లో అందరూ చిన్నోడనే అంటారు. నెత్తిన వెంట్రుకలు సగం ఊడినా ఆ పేరు మాత్రం ఊడలేదు. మెకానిక్కుగా వాడి చెయ్యి మంచిది, పైగా వదినంటే ప్రాణం. మొదటిసారి కారు ఆగినప్పుడు ట్యాంకులో తేలే ఫ్లోటు మార్చాడు. రెండోసారి ఆగాక, ఆ పొద్దున మీటరే పీకి కొత్తది బిగించాడు. ఇప్పుడు తాళం తిప్పి చూస్తే, కొత్త మీటరు కూడా పాతదాని పాటే పాడుతోంది.

"ఇక వైర్లన్నీ మార్చాలి వదినా" అన్నాడు తల గోక్కుంటూ.

"ఆగు చిన్నా. థర్మామీటరు మార్చినా జ్వరం అంతే చూపిస్తుంటే, మూడో థర్మామీటరు తెస్తామా? ముందు ఇది ఎంత తప్పు చెబుతోందో చూద్దాం. ట్యాంకు ఖాళీ చెయ్యి."

కారుని షెడ్డు ముందు రోడ్డు మీదికి తోశారు. చిన్నోడు పెట్రోలంతా మూత ఉన్న క్యాన్లలోకి తోడేశాడు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ల నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన తాపీ మేస్త్రీ, పని మానేసి చాన్నాళ్లయినా, ఆ షెడ్డు తన చేతులతో కట్టినదని వచ్చిన ప్రతివాడికీ చెప్పడం మాత్రం మానలేదు. మాస్టారు కూడా తమాషా చూద్దామని చంకలో పేపరుతో వచ్చి నిలబడ్డాడు.

ఖాళీ ట్యాంకుకి మీటరు రెండు గీతలు చూపించింది.

"చూశారా!" అంది నర్సమ్మ.

"ఒక్కసారి చూసి ఏం చెబుతాం?" అన్నాడు మాస్టారు. లెక్కల మాస్టార్లకు ఒక్కసారి ఎప్పుడూ చాలదు.

కొలత డబ్బాతో కొంచెం కొంచెంగా పెట్రోలు పోసుకుంటూ వచ్చారు. ఒక గీతకు సరిపడా పోస్తే మూడు చూపించింది, మూడింటికి పోస్తే ఐదు చూపించింది. ఎంత పోసినా రెండు ఎక్కువే. పెరగదు, తరగదు. మాస్టారు చంకలోని పేపరు తీసి పక్కన పెట్టాడు.

నర్సమ్మ ఆ గీతల్ని చూస్తూ ఉండిపోయింది. చెడిపోయిన వస్తువు తోచినట్టు తప్పుతుంది గానీ ఇంత క్రమశిక్షణగా తప్పదు. ఇలాంటి తప్పుని ఆవిడ ఎక్కడో చూసింది. ఎక్కడా? టక్కున తట్టింది.

"మా దగ్గర పసిపిల్లల్ని తూచే మిషనుంది. ఒకరోజు కొత్తగా చేరిన అమ్మాయి పళ్లెంలో తువ్వాలు ఉండగానే సున్నా నొక్కేసి, తర్వాత తువ్వాలు తీసేసింది. ఆ రోజు తూచిన ప్రతి బిడ్డా తువ్వాలంత తక్కువే తూగాడు. తల్లులు లబోదిబోమన్నారు. మిషను బంగారంలా ఉంది, సున్నాయే తప్పు." మరిది వైపు తిరిగింది. "చిన్నా, దీనికి సున్నా ఎవరు పెడతారు?"

చిన్నోడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "సున్నా అంటూ ఏం ఉండదు వదినా. ఒకటుంది గానీ... బండి ఎత్తెక్కుతుంటే ట్యాంకులో పెట్రోలు వెనక్కి జరుగుతుంది కదా? ట్యాంకులో వెనకవైపున్న ఆ ఒక్క ఫ్లోటుని నమ్మితే మోసపోతాం. అందుకని దీన్లో వాలు కొలిచే సెన్సరొకటి పెట్టారు. బండి ఎటు ఒరిగిందో చూసి లెక్క సరిచేసుకుంటుంది. దానికి ఒకసారి 'ఇదిగో, ఇదీ మట్టం' అని మనం చూపించాలి."

"చూపించారా?"

"ఎండాకాలంలో చిన్న బ్యాటరీ మార్చా కదా, అప్పుడది చెరిగిపోయింది. మళ్లీ నేనే చూపించా."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి వదినా? ఇక్కడే" అంటూ చిన్నోడు షెడ్డులోకి అడుగేసి మడమతో గచ్చు మీద కొట్టాడు.

నర్సమ్మ షెడ్డులోకి వెళ్లింది. కార్లు కడిగే బకెట్లోంచి మగ్గుడు నీళ్లు తీసి, కారు ముక్కు ఉండే లోపలి గోడ దగ్గర వొంపింది. నీళ్లు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కారు నిలిపే చోటు మీంచి గబగబా వెనక్కి పారి, గుమ్మం దగ్గరి కాలవలో పడిపోయాయి.

కుర్చీలోంచి మేస్త్రీ ఉత్సాహంగా ముందుకు వంగాడు. "చూశావా అమ్మాయ్, ఒక్క చుక్క నిలిచిందా? వాలంటే అదీ! ఇన్నేళ్లయింది, ఈ గచ్చు మీద ఎవడైనా నీళ్లు నిలబెట్టి చూపించమను, మీసం తీయించుకుంటా!"

 చిన్నోడి మొహం మాత్రం కత్తివాటుకి నెత్తురుచుక్క లేనట్టయింది. ఆ గచ్చు మీదే పాకాడు, ఆడుకున్నాడు, పని నేర్చుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ వాలులో నిలబడ్డవాడికి వాలే మట్టం. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు.

"ముక్కు పైకెత్తి ఉన్న బండికి ఇదే మట్టమని చెప్పావు" అంది నర్సమ్మ మెల్లగా. "పాపం, అది నమ్మింది. ఇప్పుడు చదునైన రోడ్డు మీద కూడా దిగుడులో ఉన్నాననుకుని, పెట్రోలు ముందుకి జారిపోయిందని రెండు గీతలు కలుపుకుంటోంది."

"అబద్ధం చెప్పిన మనిషి దొరికాడు" అన్నాడు మాస్టారు. తమ్ముడు అటు తిరిగి నిలబడ్డాడు.

మేస్త్రీకి ఆలస్యంగా వెలిగింది. "అంటే తప్పు నా గచ్చుదంటారా?"

"మీ గచ్చుకేం మావయ్యా, వజ్రం. దాన్ని మట్టం అనడమే తప్పు. ఇప్పుడు మీరే మాకు అసలైన మట్టం చూపించాలి."

ఆ మాటతో ముసలాయన పదేళ్లు తగ్గిపోయాడు. లోపలికి వెళ్లి, గోనెపట్టాలో చుట్టి దాచుకున్న రసమట్టం తెచ్చాడు. ఇత్తడి అంచుల మధ్య గాజుగొట్టంలో బుడగ ఇంకా బతికే ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కారు ముందుసీట్లో కూర్చున్నాడు.

చదునైన చోటు వెతకడం ఎంత కష్టమో వాళ్లకు ఆ రోజు తెలిసింది. వీధి మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం. పెట్రోలు బంకు గచ్చు కాలవ వైపు ఒరిగింది. మాస్టారు బడి ఆవరణ చూడ్డానికి పళ్లెంలా ఉంది గానీ, బుడగ పెడితే ఒక మూలకు పరుగెత్తింది. ప్రతిచోటా మేస్త్రీ వంగి చూడటం, తల అడ్డంగా ఊపడం.

"మట్టంగా ఉంటే వాన ఎటు పోతుందమ్మా? ఈ లోకమంతా ఎవడో ఒకడు వాలు పెట్టే ఉంచాడు" అన్నాడు. అంతలోనే తొడ చరిచాడు. "లారీల కాటా! అది ఏమాత్రం ఒరిగినా తూకం తప్పుతుందని నా చేత పునాది ఒకటికి రెండుసార్లు పోయించారు. పద, అక్కడికి పద!"

ఆదివారం కావడంతో కాటా మీద లారీల్లేవు. గుమాస్తా ఆవలిస్తూ "ఎంత సరుకు?" అని అడిగాడు. "సరుకు కాదు నాయనా, సత్యం" అంటూ మేస్త్రీ ఇనపపలక మీద రసమట్టం పెట్టాడు. నిలువుగా పెట్టి చూశాడు, అడ్డంగా పెట్టి చూశాడు. బుడగ రెండు గీతల నడుమ కదలకుండా కూర్చుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పని తనకు ఎదురొచ్చి నమస్కారం పెడితే ఏ పనివాడికి తిరగవు?

కారుని పలక మధ్యకు ఎక్కించారు. ట్యాంకులో ఉన్నది అడుగంటిన పెట్రోలే, నర్సమ్మ కావాలనే మిగతాదంతా మళ్లీ క్యాన్లలోకి తోడించింది. మీటరేమో యథాప్రకారం దర్జాగా మూడు గీతలు చూపిస్తోంది. చిన్నోడు లోపల కూర్చుని తాళం తిప్పాడు, ఆపాడు, మీట నొక్కి పట్టుకుని మళ్లీ తిప్పాడు. 'ఇదిగో, ఇదీ మట్టం' అన్నాడు బండితో. మీటరు ఆరిపోయింది. మిగతా ముగ్గురూ అద్దాల్లోంచి తలలు దూర్చారు.

మీటరు మళ్లీ వెలిగింది. ఒకే ఒక్క గీత. అదీ టపటపా కొట్టుకుంటూ, నాలో ఏమీ లేదు బాబూ అని మొత్తుకుంటున్నట్టు.

నర్సమ్మ అరిచిన అరుపుకి కాటా మీది కాకులు లేచిపోయాయి. చిన్నోడు స్టీరింగు మీద దరువు వేశాడు. మేస్త్రీ రసమట్టాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని గిరగిరా తిరిగాడు.

గుమాస్తా బయటికొచ్చి బుగ్గన చెయ్యి పెట్టుకున్నాడు. "పెట్రోలు అయిపోతోందంటే పండగ చేసుకునేవాళ్లని ఇవాళే చూస్తున్నా."

మాస్టారు భార్య దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఒప్పుకుంటున్నానోయ్. ఈసారి మద్దెల నిజంగానే ఓడు."

"గట్టిగా చెప్పండి. మావయ్యకి వినబడలేదు" అంది నర్సమ్మ. మాస్టారు గట్టిగానే చెప్పాడు, తప్పుతుందా?

మర్నాడు హెడ్ నర్సుకి నర్సమ్మ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆవిడ విని, "చూద్దాం" అని మాత్రం అంది. చూడాల్సిన రోజు ఆ వారంలోనే వచ్చింది. పెద్దాయన ఇంటికి వెళ్తుంటే దారిలో చివరి గీత కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇదివరకైతే నర్సమ్మ గుండె కూడా దాంతోపాటు కొట్టుకునేది. ఇప్పుడు పాట పాడుకుంటూ బంకులోకి తిప్పి, కడుపునిండా పోయించుకుని, చెప్పిన వేళకన్నా ముందే ఆయన గుమ్మం ఎక్కింది.

పెద్దాయన కాలు స్టూలు మీదికి చాపుతూ గోడ గడియారం చూశాడు. "ఏంటమ్మా, ఇవాళ నీ బండి ఎక్కడా పడుకోలేదా?"

"లేదు పెద్దాయనా" అంది నర్సమ్మ, పాత కట్టు ముడి విప్పుతూ. "ఆకలేస్తే నోరు తెరిచి చెప్పడం వచ్చింది దానికి."