గోడకు వచ్చిన గొంతు

కూరగాయల మార్కెట్ గేటు పక్క గోడకు టైల్స్‌తో బొమ్మ వేయమన్నప్పుడు, అందులో తక్కెడ కనబడాలని మాత్రమే మార్కెట్ కమిటీ ఆమెను అడిగింది. ఆమె తక్కెడ వేసింది. ఒక పళ్ళెంలో టమాటాలు పెట్టింది. రెండో పళ్ళెంలో నలుపు తెలుపు గళ్ళతో తలుపంత క్యూఆర్ కోడ్ అతికించింది. స్కాన్ చేస్తే కూరగాయల ధరలు వస్తాయని కమిటీవాళ్ళు అనుకున్నారు.

స్కాన్ చేస్తే ఆమె తమ్ముడి గొంతు వచ్చింది.

పోయినేడు ఆ గేటు దగ్గరే అతన్ని ఫోను దొంగ అని కొట్టి చంపారు. దెబ్బలు తింటూనే అతను అక్కకు ఫోన్ చేశాడు. ఆమె ఫోనులో కాల్స్ వాటంతటవే రికార్డవుతాయి. "అక్కా, ఇది నా ఫోనేనని చెప్పవే. వీళ్ళు వినట్లేదు." తర్వాత దెబ్బల చప్పుడు. ఆ తర్వాత ఒక మగగొంతు, తాపీగా: "కానివ్వండి. ఏం చావడులే."

ఆ గొంతు ఎవరిదో పోలీసులు తేల్చలేకపోయారు. ఆ రోజు మార్కెట్లో ఉన్నవాళ్ళెవరూ ఆ రోజు మార్కెట్లో లేరట. గుర్తుపట్టగలిగినవాళ్ళు రోజూ నడిచే చోటే ఆ గొంతు వినిపించాలని ఆమె గోడ పని ఒప్పుకుంది.

వారం తిరక్కుండానే మూటలు మోసే కూలీల మేస్త్రీ నలుగురిని వెంటేసుకుని సుత్తులతో వచ్చాడు. మార్కెట్ నిండుగా ఉంది. ఆమె స్టూలెక్కి టైల్స్ సందులు పూడుస్తోంది. కింద సిమెంటు కలుపుతున్న ఆమె భర్త, ఏం కావాలని అడిగాడు. జవాబుగా సుత్తి పిడి అతని మూతికి తగిలింది. రెండు పళ్ళు ఊడి సిమెంటు తట్టలో పడ్డాయి. స్టూలును తన్నేశారు. ఆమె నేలమీద పడింది.

"బొమ్మలంటే పువ్వులెయ్యాలమ్మాయ్," అన్నాడు మేస్త్రీ. "పోయినోళ్ళతో మాట్లాడిస్తారా ఎవరైనా?"

మనిషిని మొహం మీద గుద్దినట్టు కోడ్‌ను నడిమధ్యలో కొట్టారు. టైల్స్ రాలాయి. పని అయిందో లేదో చూద్దామని మేస్త్రీ తన ఫోను పెట్టాడు. మార్కెట్ గోలలో వినబడాలని ఆ ఫోను సౌండ్ ఎప్పుడూ నిండుగా ఉంచుతాడు. "అక్కా..." అంది ఫోను. అతను గబుక్కున ఆపేశాడు. మూలల్లోని మూడు పెద్ద గళ్ళు బాగుంటే, లోపల కొంత పోయినా ఆ కోడ్ పనిచేస్తుందని వాళ్ళకు తెలియదు.

"గోడలకు చెవులుంటాయన్నారు గానీ, నోరు కూడా ఉందే," అన్నాడు మిరపకాయలు అమ్మే అతను. జనం నవ్వారు.

మళ్ళీ కొట్టారు. మేస్త్రీ మళ్ళీ ఫోను పెట్టాడు. మళ్ళీ తమ్ముడు మాట్లాడాడు. ఈసారి మేస్త్రీ దాన్ని ఆపలేదు. సుత్తి పట్టుకున్నవాడు జనం వైపు చూసి తగ్గాడు.

"కానివ్వండి," అన్నాడు మేస్త్రీ తనవాళ్ళతో. "ఏం కాదులే."

"కానివ్వండి," అంది అతని చేతిలోని ఫోను. "ఏం చావడులే."

ఉల్లిపాయలు అమ్మే ఆమె ముందుకొచ్చింది. "నువ్వేరా అది," అంది.

జనం మేస్త్రీ మీద పడ్డారు. మిరపకాయలతను తట్టతో మొదలుపెట్టాడు. ఒకడు పెట్టె చెక్క విరిచి తెచ్చాడు. ఉల్లిపాయల ఆమె తూకపు రాయితో కణత మీద కొట్టింది. మేస్త్రీ చెవి చీలి వేలాడింది. అతను తెచ్చిన నలుగురిలో ఇద్దరు పారిపోయారు, ఇద్దరు జనంతో కలిసి కొట్టారు.

కిందపడ్డ అక్క పాక్కుంటూ వెళ్ళి మేస్త్రీకి అడ్డంగా పడుకుంది. చెక్క ఆమె ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పక్కనున్నవాళ్ళకు వినబడింది.

"వదిలెయ్యవే, పోతే పోతాడు," అన్నాడు భర్త, నోట్లో నెత్తురుతో.

"పోతే మిగతావాళ్ళ పేర్లు ఎవడు చెప్తాడు?"

ఆమె మేస్త్రీ మొహం మీదికి వంగింది. "ఆ రోజు మా తమ్ముణ్ని కొట్టింది నువ్వొక్కడివే కాదుగా. ఇంకా ఎవరు?"

అతనికి ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో చుట్టూ చూసి చెయ్యెత్తాడు. వేలు మిరపకాయలతన్ని చూపించింది. తర్వాత చెక్క పట్టుకున్నవాణ్ని. వెనకవాళ్ళు చేతుల్లో ఉన్నవి ఒక్కొక్కటే కింద పెట్టసాగారు. వేలు ఉల్లిపాయల ఆమె దగ్గర ఆగింది.

"నేను కొట్టింది ఒక్క దెబ్బేనమ్మా," అందామె. తూకపు రాయి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.