వైనో బాబాయి కలలో నీళ్లు

హిల్యా పిన్ని ఆ చలికాలంలో మూడుసార్లు విధవరాలైంది. మొగుడు మాత్రం నిక్షేపంగా బతికే ఉన్నాడు.

వైనో బాబాయి గుండె బలహీనం. ఒంట్లో నీరు చేరి, ఊపిరితిత్తుల దాకా వచ్చేది. అంబులెన్సు వచ్చి పట్నం ఆసుపత్రికి ఎత్తుకుపోయేది. పిన్నికేమో మతిమరుపు జబ్బు. పక్క మంచం ఖాళీగా కనబడగానే ఆయన పోయాడనుకునేది. నల్ల స్వెట్టరు తొడుక్కుని నా దగ్గరకొచ్చి, "ఎల్మా, అంత్యక్రియలు ఎప్పుడే? అవగానే కాఫీకి జనం వస్తారు, యాలకుల రొట్టె చెయ్యాలి" అనేది. బతికే ఉన్నాడు పిన్నీ అంటే నమ్మేది. కాసేపటికి అది మరిచిపోయి, ఖాళీ మంచం చూసి కొత్తగా ఏడ్చేది. బాబాయి తిరిగొచ్చేవాడు గానీ, వెళ్లినంత మనిషి వచ్చేవాడు కాదు. ప్రతిసారీ నడక తగ్గేది, మాట తడబడేది. ఇంకోసారి వెళ్తే అసలు రాడేమోనని నాకు భయం.

అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున, ఆసుపత్రి నుంచి వచ్చిన ముసలివాళ్లను చూసుకునే చిన్న కేంద్రం మాది. నేనక్కడ నర్సుని. బాబాయీ మా నాన్నా ఇనుపరాయి మోసే ఓడల్లో కలిసి పనిచేశారు. ఆ వరసనే బాబాయి.

మా తాతలు ఫిన్లండు నుంచి ఈ ఒడ్డుకి తెచ్చుకున్నవి రెండే: ఆవిరి స్నానాల గది, మొండితనం. ఎలా ఉందని అడిగితే "పర్వాలేదు" అనడమే మా వాళ్లకు తెలుసు. కాలు విరిగినా పర్వాలేదు, కొంప కాలినా పర్వాలేదు. ఒళ్లు మండుతుంది నాకు! ఆయాసంగా ఉందా బాబాయ్ అని రోజూ అడిగేదాన్ని. పర్వాలేదనేవాడు. వాచిన పాదాలు కనబడకుండా ఉన్ని మేజోళ్లు ఒకదానిమీద ఒకటి వేసేవాడు. నీరు చేరితే బరువు పెరుగుతుంది కదా, చూద్దామంటే తూకం మీద నిలబడి, గోడకున్న కమ్మీ పట్టుకుని దొంగబరువు తూగేవాడు. ఎనభై దాటిన మనిషి, చిన్నపిల్లాడి వేషాలు!

కలలు మాత్రం దాచేవాడు కాదు. పొద్దున్న కాఫీ దగ్గర రాత్రి వచ్చిన కల చెప్పుకోవడం మా ఇళ్లల్లో మామూలే. కల చెబితే అది గోడు వెళ్లబోసుకోవడం కాదుగా! చక్కెర బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని, కాఫీ చప్పరిస్తూ మొదలెట్టేవాడు.

"పడవలో పోతున్నానే ఎల్మా. నీళ్లూ మంచూ ఒకటే తెలుపు. తెడ్డు వేస్తున్నా చప్పుడు లేదు. మీ పిన్ని ఒడ్డున ఉంది, పెళ్లినాటి వయసులో. ఎంత తెడ్డేసినా ఒడ్డు దగ్గరికి రాదు."

ఆయన చెబుతుంటే కిటికీ అవతల సరస్సు కూడా ఆ కలలోదే అనిపించేది. నేనూ పని మరిచిపోయి ఆ తెలుపులోకి చూస్తూ కూర్చునేదాన్ని. మూడోసారి అంబులెన్సు వెళ్లాకగానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. బాగున్న రోజుల్లో ఆ పడవ అడుగు పొడిగా ఉండేది. ఆసుపత్రికి వెళ్లే ముందు మాత్రం ప్రతిసారీ పడవలోకి నీరొచ్చిందనే చెప్పాడు.

ఏప్రిల్లో ఒక పొద్దున, బయట మంచు పొగ కమ్ముకుని ఉండగా అడిగాను.

"బాబాయ్, రాత్రి పడవెక్కావా?"

"ఎక్కానే. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. వెచ్చగా, హాయిగానే ఉందిలే."

కప్పు కింద పెట్టి ఆయన మేజోళ్లు లాగేశాను. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయింది.

"ఇదేంటి?"

"పర్వాలేదు."

"నీ పర్వాలేదు తగలెయ్య! నువ్వలా అంటావు, అంబులెన్సెక్కి చక్కా పోతావు. నువ్వు వెళ్లాక ఇక్కడేం జరుగుతుందో తెలుసా? పిన్ని నల్ల స్వెట్టరు వేసుకుని నీ అంత్యక్రియలు ఎప్పుడని నన్ను అడుగుతుంది. రోజంతా, చెప్పినకొద్దీ, మళ్లీ మళ్లీ. ఎన్నిసార్లు చంపుతావు పిన్నిని?"

ఆయనకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. చక్కెర బిళ్ల నోట్లోనే ఉంది, కొరకడం మానేశాడు.  అయినా నేను అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మా కేంద్రానికి వచ్చే డాక్టర్ నోవాక్‌కి ఫోన్ చేశాను.

"ఆసుపత్రికి పంపించెయ్ ఎల్మా, రిస్కెందుకు?" అన్నాడాయన.

"ఇంకా ముదరలేదు డాక్టర్ గారూ. నీరు తీసే ఇంజెక్షన్ ఇక్కడే ఇస్తాను, రక్తపరీక్షకు పంపిస్తాను, పక్కనుంచి కదలను. సాయంత్రం దాకా టైమివ్వండి."

"ఊపిరి ఏమాత్రం తగ్గినా పంపాలి మరి. గంటగంటకీ నాకు చెప్పాలి."

"అలాగే."

ఆ రోజు మంచు విడవలేదు. గదిలో వెలుతురు పాలలా ఉంది. పిన్ని మొగుడి మంచం పక్కనే కూర్చుని, ఏదో పాత పాట సగం సగం కూనిరాగం తీసింది. నేను ఆయన ఛాతీ కదలికే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి మూత్రం ధారాళంగా రావడం మొదలైంది. ప్రపంచంలో ఎవరైనా దానికింత సంతోషించి ఉంటారా! పొద్దు వాలేసరికి తలగడ మీద తల వాల్చి, మామూలుగా ఊపిరి తీస్తూ నిద్రపోయాడు. ఆ మాటే డాక్టరుకి ఫోన్లో చెప్పాను.

తర్వాత కొన్ని వారాలు బాబాయి నాతో ముభావంగా ఉన్నాడు. కలలూ చెప్పడం మానేశాడు. అలిగాడనుకున్నాను. ఆయన ఒంట్లో సంగతి తెలిసే ఒక్క దారీ నా నోటి దురుసుతో నేనే మూసేసుకున్నానని తిట్టుకున్నాను.

జూన్లో ఒక మధ్యాహ్నం వాళ్ల గదిలోంచి నర్సుని పిలిచే బెల్లు మోగింది. వచ్చిన నాటినుంచీ బాబాయి ఆ బెల్లు ముట్టుకున్న మనిషి కాడు. పిన్నికేమైందోనని పరుగెత్తాను.

పిన్ని కుర్చీలో నిద్రపోతోంది. బాబాయి మంచం అంచున వంగి కూర్చుని, ఒక చెయ్యి ఆమె చేతిలో ఉంచి, రెండో చేత్తో నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఊపిరి అందట్లేదే ఎల్మా. రాత్రినుంచీ." గొంతు తగ్గించి అన్నాడు. "గట్టిగా మాట్లాడకు. అది లేచేలోపు ఆ ఇంజెక్షనేదో కానియ్."