చేపను చంపని చెరువు

వెండెల్ తన పన్నెండెకరాల చెరువులో ఏ చేపా చావకూడదని శాసనం చేశాడు. గాలానికి బాస్ చేప పడితే తడిచేత్తో పట్టుకుని, నొప్పి తెలియకుండా గాలం ఊడదీసి, మళ్లీ నీళ్లలో వదలాల్సిందే. అల్లుడైనా అంతే, పాస్టరుగారైనా అంతే. దానికి కారణం లేకపోలేదు. అతని చిన్నప్పుడు, అలబామాలో వాళ్ల ఊరి ఏట్లోకి ఎవరో మిల్లు మురుగు వదిలితే, వారం తిరక్కుండా చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఆ కంపు ఇప్పటికీ ముక్కులో ఉందంటాడు. సొంత నీళ్లంటూ ఉంటే అందులో చావును అడుగు పెట్టనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. అతనికి ఇంకో కోరిక కూడా ఉంది. ఆ నీళ్లలో పెరిగిన పది పౌన్ల బాస్‌ను ఒక్కసారి రెండు చేతులా ఎత్తి చూడాలి. ఈ రెండు కత్తులూ ఒక ఒరలో ఇమడవని అరవై ఏడేళ్లు వచ్చినా ఆ మహానుభావుడికి తట్టలేదు.

తట్టింది అతని భార్య ఓపల్‌కి. అదీ తనంతట తాను కాదు. ఐదేళ్ల కిందట, చేపలెందుకు ఎదగడంలేదో చూడమని వెండెలే ట్రూడీని పిలిపించాడు. ట్రూడీ చెరువుల డాక్టరు. ఆమె పడవ నుంచి నీళ్లలోకి కరెంటు వదిలితే చేపలు సొమ్మసిల్లి పైకి తేలతాయి. కొలుచుకుని వదిలేస్తే తేరుకుని పోతాయి. ఆ రోజు తేలినవన్నీ జానెడున్నర చేపలే, అచ్చు పోసినట్టు ఒకటే సైజు. నోళ్లు ఎక్కువై మేత చాలట్లేదని, ఏడాదికి మూడొందల పౌన్ల చిన్న చేపల్ని తీసెయ్యాలని ట్రూడీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వెండెల్ ఆమెకు చల్లటి టీ ఇచ్చి, తన చెరువుకు డాక్టరు కావాలిగాని కసాయి అక్కర్లేదని మర్యాదగానే చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

ఓపల్ ఆమెను ట్రక్కుదాకా సాగనంపింది. ట్రూడీ ఒక చేపను ఓపల్ చేతిలో పెట్టింది. దాని తల పెద్దది, ఒళ్లు చీపురుపుల్ల, పొట్ట లోపలికి అతుక్కుపోయి ఉంది. పిల్ల చేప కాబోలు అనుకుంది ఓపల్.

"పిల్ల కాదండీ ఓపల్‌గారూ. దీనికి ఏడేళ్లు," అంది ట్రూడీ. ఇంకో చేప అప్పటికే చచ్చిపోయి ఉంటే, దాని తల కోసి చెవిలో ఉండే ఎముకను బయటికి తీసి, విరిచి చూపించింది. బియ్యపుగింజంత ఎముక. అందులో చెట్టు మానుకి ఉన్నట్టే వలయాలున్నాయి, ఏడాదికొకటి. మొదటి రెండూ ఎడంగా ఉన్నాయి. తక్కినవి ఒకదాని మీదొకటి ఎక్కి కూచున్నాయి. "ఇక్కణ్ణించీ ఆకలేనండీ. చావట్లేదు, బతకట్లేదు. మీ ఆయన దయ ఇది."

ఓపల్ ఆ గింజను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒక ప్రాణి ఆకలంతా రాతలా రాసిపెట్టి ఉంటుందని ఆమె ఎన్నడూ ఎరగదు. నలభై ఏళ్ల కాపురంలో మొగుడి దగ్గర ఏదీ దాచని మనిషి, ఆ పూటే దాచడానికి నిశ్చయించుకుంది.

వెండెల్ బడి బస్సు నడుపుతాడు. పొద్దున్నే ఐదున్నరకు వెళితే ఎనిమిదిన్నరకు గాని రాడు. ఆ మూడు గంటలూ ఓపల్‌వి. కట్ట మీద కూచుని వానపామును గుచ్చి గాలం వేసేది. మూరెడు చేప పడితే వదిలేసేది, జానెడున్నరది పడితే బకెట్లో వేసేది. వాటిని స్నేహితురాలు ఎర్లీన్ పెరట్లో ఇద్దరూ కలిసి శుభ్రం చేసేవాళ్లు. తర్వాత నిమ్మచెక్కతో చేతులు తోముకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి మొగుడికి కాఫీ పోసేది.

ఏడాదికి నాలుగొందల చేపలు ఎక్కడికి పోవాలి? వాళ్ల చర్చిలో బుధవారం ప్రార్థనకు ముందు అందరూ కలిసి భోంచేస్తారు. మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో వేయిస్తే ఏ చేపైనా ఒక్కటే. ఎవరో పుణ్యాత్ముడు పెద్ద నదిలోంచి పట్టి పంపిస్తున్నాడని ఎర్లీన్ ప్రచారం చేసింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఊరంతా తినేది. అందరికంటే ముందు పళ్లెం పట్టుకుని నిలబడేది వెండెలే. రెండోసారి వడ్డించుకుని, ఆ పుణ్యాత్ముడి కోసం దేవుణ్ణి వేడుకునేవాడు కూడా.

"ఒసే ఓపల్, నీ మొగుడు నీ కోసమే ప్రార్థన చేస్తున్నాడే," అని ఎర్లీన్ చెవిలో గొణిగేది. ఓపల్‌కి నవ్వు వచ్చేది కాదు. ఈ సంగతి తెలిసిన రోజున వెండెల్ కేకలెయ్యడు, కొట్టడు. ఇక ఆమె మాట నమ్మడు.

రెండో ఏడు, బాస్‌లకు మేతయ్యే బ్లూగిల్ చేపల పిల్లలు ఒడ్డు పొడుగునా చీమల బారుల్లా కనబడ్డాయి. మూడో ఏడు బాస్‌లకు మెడలు బలిశాయి. నాలుగో ఏడు కొంగలు కూడా కొత్తగా వచ్చి చేరాయి. వెండెల్ కాళ్లు నేల మీద ఆనలేదు. ఓర్పుంటే ఏదైనా పెరుగుతుందని బస్సులో పిల్లలకు కూడా ఉపదేశాలు మొదలుపెట్టాడు. ఐదో ఏడు వసంతంలో, చంపకుండానే ఎలా పెంచాడో చూపించడానికి ట్రూడీని మళ్లీ పిలిచాడు.

పొద్దున పది గంటలకు ముగ్గురూ పడవ ఎక్కారు. నీళ్ల మీద పైన్ చెట్ల పసుపు పుప్పొడి పలచగా పరుచుకుని ఉంది. ట్రూడీ మీట నొక్కగానే ముందు బ్లూగిల్ తేలాయి, గుప్పిళ్లతో జల్లినట్టు వందలు. వాటి కిందినుంచి బాస్‌లు ఒక్కొక్కటీ బొజ్జలేసుకుని దొర్లుతూ పైకొచ్చాయి. కట్ట మూలన పడిపోయిన ఓక్ చెట్టు దగ్గరకొచ్చేసరికి, లోతునుంచి ఒక ఆకుపచ్చటి నీడ నెమ్మదిగా కదిలింది. అది మొద్దనుకుంది ఓపల్. మొద్దు పక్కకు తిరిగింది. కన్ను తెరుచుకుని ఉంది.

వలలోకి ఎత్తడానికి వెండెల్, ట్రూడీ ఇద్దరి చేతులూ కావలసి వచ్చాయి. త్రాసు పదకొండు పౌన్ల దగ్గర ఆగింది. నోరు తెరిస్తే చంటిపిల్ల తల పడుతుంది. పక్కల నల్లటి చార, దాని కింద పాత ఇత్తడి రంగు, ఒక్కో పొలుసూ బొటనవేలి గోరంత. ఓపల్ మోకాళ్ల మీద కూచుండిపోయింది. ఐదేళ్ల కిందట ఆకలితో ముడుచుకున్న వాటిలో ఇదీ ఒకటి. తన చేతికే వచ్చిందో, మూరెడుందని తనే వదిలిందో. చెరువులోని ఎండా నాచూ పురుగూ చేపపిల్లా అంతా నడిచొచ్చి ఈ ఒక్క ఒంట్లో చేరాయి. చర్చిలో ఎన్నడూ కలగని భయభక్తులు ఆమెకు ఆ పడవలో కలిగాయి.

వెండెల్ ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే ట్రూడీతో అన్నాడు, "చూశావా డాక్టరమ్మా? ఒక్కదాన్నీ చంపలేదు."

ట్రూడీ తల వంచుకుని త్రాసు సర్దుకుంది. పైకి తేలిన చేపల్ని చూసినప్పుడే, ఎవరో చిన్నవాటిని తీసేస్తున్నారని ఆమె గ్రహించింది. చెప్పడం ఆమె పని కాదు. ఓపల్ ఆ క్షణాన ఊరుకుని ఉంటే జీవితాంతం అలాగే గడిచిపోయేది. కాని అంత పెద్ద ప్రాణి ఎదుట అబద్ధంతో కూచోవడం ఆమె వల్ల కాలేదు.

"నేను చంపాను వెండెల్," అంది. "చిన్నవాటిని. ఐదేళ్లనించీ."

అతను చేపను పట్టుకునే ఉన్నాడు. "ఎన్ని?"

"రెండు వేల పైనే."

"బుధవారం చేపలు?"

"అవే."

వెండెల్ పడవ అంచు మీదుగా వంగి, చేపను నీళ్లలో నిటారుగా పట్టుకున్నాడు. దాని మొప్పలు మెల్లగా ఆడాయి. తేరుకున్నాక కూడా అది కాసేపు అతని చేతుల్లోనే ఉంది. తర్వాత తోక ఒక్కసారి ఊపి, ముగ్గుర్నీ తడిపేసి, లోతుకు వెళ్లిపోయింది.

ఆ బుధవారం వెండెల్ చర్చికి వెళ్లలేదు. ఇంట్లో అవసరమైనంత మాత్రమే మాట్లాడాడు, ఉప్పు ఇటివ్వు, తలుపెయ్యి అని. ఓపల్ గాలం ముట్టుకోలేదు. తనవల్ల రెండూ పోయాయనుకుంది, అతని ఒట్టూ, తన మాటా. చెరువు వైపు మాత్రం అతను రోజూ వెళ్లి గంటలు గంటలు నిలబడేవాడు.

శనివారం పొద్దున బస్సు లేదు. ఆమె వంటింట్లో ఉండగా, రమ్మని గుమ్మంలోంచి పిలిచాడు. చేతిలో బకెట్ ఉంది. కట్ట మీద ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు. గాలం అతనే వేశాడు. కాసేపటికి పడింది, జానెడున్నర, తల పెద్దది, ఒళ్లు సన్నం. అలవాటుగా చెయ్యి తడుపుకుని గాలం ఊడదీశాడు. అలవాటుగానే నీళ్ల వైపు వంగాడు. అక్కడ ఆగిపోయాడు. చేప అతని పిడికిట్లో కొట్టుకుంటోంది.

"ఆకలితో ఉంది కదే ఇది," అన్నాడు.

"అవును."

"నా చేత్తో నేను చెయ్యలేను ఓపల్."

ఆమె చెయ్యి చాచింది. అతను చేపను ఆ చేతిలో పెట్టాడు. ఆమె చెయ్యాల్సింది చేసింది. అతను మొహం తిప్పుకోలేదు.