గొట్టం కాళ్ల మంచం

నేను ఒక మడత మంచాన్ని. ఇనుప గొట్టాల ఒళ్లు, నీలం నవారు. బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పుట్టాను. నన్ను అతికించినవాడే నా యజమాని, వెల్డరు పున్నారావు. మిగిలిపోయిన గొట్టం ముక్కలు ఏరి, భోజనాల వేళ కూర్చుని చేశాడు. కాళ్లకి నల్ల రబ్బరు బూట్లు కూడా తొడిగాడు. నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని.

"నడుం నొప్పి. పరుపు పడట్లేదు" అని భార్య సామ్రాజ్యంతో చెప్పి, నన్ను వరండాలో వేసుకున్నాడు. నడుం నొప్పి ఉన్నవాడు కిందికి జారే నవారు మీద పడుకుంటాడా? ఆమె ఆ మాట అడగలేదు. దుప్పటి చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

అతనికి షుగరు వచ్చి ఆరేళ్లయింది. కొన్నాళ్లుగా భార్య దగ్గర ఒళ్లు మాట వినడం లేదు. అది ఎవరితో చెప్పుకుంటాడు? షెడ్డులో ఎవడో "ఆ షుగరు బిళ్లలే మగతనాన్ని తినేస్తాయి" అన్నాడు. డాక్టరు చెప్పిన పథ్యం ఏనాడూ చెవికెక్కనివాడికి, ఈ ముక్క మాత్రం ఇట్టే ఎక్కింది. పొద్దున్నే సామ్రాజ్యం అతని అరచేతిలో బిళ్ల పెట్టి మంచినీళ్లకి వెళ్లేది. ఆ కాస్తలో నన్ను వంచి, రబ్బరు బూటు లాగి, బిళ్లని గొట్టంలో పడేసేవాడు. ఏడాది తిరిగేసరికి నా కాళ్లు రెండు నిండాయి. అతని కాళ్లు మొద్దుబారాయి, మనిషి చిక్కిపోయాడు. పోయిందనుకున్నది మాత్రం తిరిగి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు నా మీద పడుకుని, లోపల ఆమె గాజుల చప్పుడు వినేవాడు. చప్పుడు ఆగితే తలెత్తేవాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి వెళ్లేది. ఇద్దరి మధ్యా నాలుగడుగులు. నాలుగు కాళ్లుండి ఏం లాభం, నడక రాదు. వస్తే అతన్ని నేనే మోసుకెళ్లి లోపల దింపేదాన్ని.

ఒక ఆదివారం నల్లులు పట్టాయేమోనని ఆమె నన్ను ఎండలో వేయబోయింది. ఎత్తగానే గలగలమన్నాను. బూటు ఊడింది. తెల్ల బిళ్లలు వరండా అంతా దొర్లాయి.

"ఏంటండీ ఇవి?"

పున్నారావు తల దించుకున్నాడు. "ఇవి మింగే అలా అయిపోయాననుకున్నా సామ్రాజ్యం. నా వల్ల కావట్లేదు. నీకు మొహం చూపించలేక బయట పడుకున్నా."

ఆమె గుమ్మంలో కూలబడింది. "నా మీద మనసు విరిగిపోయిందనుకుని ఏడాదంతా ఏడ్చాను. ఈ ఒక్క మాట చెప్పలేక మంచం చేసుకొచ్చారా?"

మర్నాడు ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. పున్నారావు నా మీద కూర్చుని డాక్టరు మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. "బిళ్లలు కాదంట. అదుపు తప్పిన షుగరే నరాల్ని, రక్తనాళాల్ని దెబ్బ తీసిందంట. దీనికీ వైద్యం ఉందంట గానీ, టైము పడుద్దంట."

"పట్టనీండి. మీరు లోపలికి రండి."

అతను లేచి, నా మీది దిండు చంకన పెట్టుకున్నాడు.

"అది అక్కడే ఉంచండి. మీ దిండు లోపలుంది. వారం వారం గలీబు మారుస్తూనే ఉన్నా."

పున్నారావు ఒట్టి చేతులతో లోపలికి వెళ్లాడు.

ఇప్పుడు నేను డాబా మీదున్నాను. నా మీద మిరపకాయలు ఎండుతున్నాయి. ఎప్పుడైనా జరిపితే, కాలిలో ఇరుక్కున్న ఒక బిళ్ల మోగుతుంది. పొద్దున్నే కింద మంచినీళ్ల గ్లాసు పెట్టిన చప్పుడు వినిపిస్తుంది. అతను మింగేదాకా సామ్రాజ్యం అక్కణ్ణించి కదలదు. మనిషి బరువు లేక నా నవారు బిగుసుకుపోతోంది. అతను మళ్లీ నా దగ్గరికి రాకూడదని కోరుకుంటాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే మాత్రం, అతనేమోనని ఎదురుచూస్తాను.