హోల్డాన్ తర్వాతి ఊరు

పేరుకి ఫుట్‌బాల్. కాలితో తన్నేదేమీ లేదు. చేత్తో విసరాలి, చేత్తో పట్టుకోవాలి, పట్టుకున్నవాడు పరుగెత్తాలి. వాడి నడుముకి రెండు పక్కలా వేలాడే గుడ్డ పీలికల్లో ఒకదాన్ని అవతలివాడు లాగేస్తే పరుగు అక్కడితో సరి. బంతి కూడా గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ సాగదీసినట్టు ఉంటుంది. కోట అనే ఊళ్ళోని చిన్న కాలేజీకి వ్యాయామం సారు ముత్యాలయ్య ఈ ఆట తెచ్చినప్పుడు పిల్లలు పగలబడి నవ్వారు. ఆయన ఆలోచన ఆయనకుంది. కబడ్డీకి వెళ్తే ప్రతి కాలేజీ నుంచీ ఒక జట్టు దిగుతుంది. ఈ ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కి ఏడో ఎనిమిదో. ఐదుగురు దొరికితే చాలు, మనమూ బరిలో ఉన్నట్టే.

ఆ ఐదుగురిలో విసిరేవాడు హరినాథ్. వాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆటంతా వాడి చేతిలోంచే మొదలవుతుంది, ఎవరు ఎటు పరుగెత్తాలో వాడే అరిచి చెప్పాలి. కోట పక్క పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టాడు. చేను మీద వాలే పిట్టలకి మట్టిబెడ్డలు విసిరి విసిరి చెయ్యి కుదిరిందని ముత్యాలయ్య ఊరంతా చెప్పుకునేవాడు. వాడు విసిరితే పట్టేవాడు సుబ్బు. సముద్రం ఒడ్డు పల్లె, వేటకెళ్ళే కుటుంబం. ఇద్దరికీ మొదటి ఏడాదిలోనే జత కుదిరింది. ఒకడు టిఫిను తెస్తే ఇంకొకడు తినేవాడు.

ఆటలో అరిచే పిలుపులు కూడా ఆ ఇద్దరే తయారు చేశారు. పోటీలకని నెల్లూరు వెళ్తూ, ఆర్టీసీ బస్సులో కండక్టరు అరుపులు విని నవ్వుకుంటూ కూర్చినవి. హరినాథ్ మైదానంలో నిలబడి అచ్చం కండక్టరులాగే ఊళ్ళ పేర్లు వరసగా అరిచేవాడు. మధ్యలో ఎక్కడో, బస్సు ఆపమనే ‘హోల్డాన్’ అనేవాడు. దాని వెంటనే వచ్చే ఊరొక్కటే నిజం, మిగతావన్నీ ఉత్తుత్తివి. మనుబోలు అంటే ఎడమకి, వాకాడు అంటే కుడికి, గూడూరు అంటే దగ్గరలోనే. శ్రీహరికోట అంటే సుబ్బు వెనక్కి చూడకుండా చిట్టచివరిదాకా పరుగెత్తాలి, బంతి వాడి నెత్తి మీదుగా వచ్చి చేతుల్లో పడుతుంది. చివర ‘రైట్ రైట్’ అనగానే ఆట మొదలు. ఏ ఊరిని నమ్మాలో తెలియక అవతలి జట్లు తికమకపడేవి. రెండేళ్ళు అలా గెలుచుకుంటూ వచ్చారు.

రెండో ఏడు చివర్లో ట్రాక్టరు ట్రక్కు తలుపు పడి హరినాథ్ కుడిచేతి చూపుడువేలు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ మాథ్యూ అనే జూనియర్ విసిరాడు, బాగానే విసిరాడు. కట్టు విప్పుకుని వచ్చిన హరినాథ్‌తో ముత్యాలయ్య, ఇకనుంచి మాథ్యూ విసురుతాడు, నువ్వు పట్టుకునేవాళ్ళలో ఉండు అన్నాడు. వాడికి ఒళ్ళు మండిపోయింది. పట్టుకునేవాడంటే తక్కువేం కాదని వాడికీ తెలుసు, కానీ తలకెక్కింది దిగితేగా. మూడో ఏడుకి టీసీ తీసుకుని నెల్లూరులోని వేదాద్రి కాలేజీలో చేరిపోయాడు. అడ్మిషన్ అయిపోయాకే సుబ్బుకి ఫోన్ చేశాడు. ముందే చెబితే సుబ్బు ఆపేస్తాడని, తాను ఆగిపోతాడని భయం. సుబ్బు, సరే, ఫైనల్లో చూసుకుందాం అని పెట్టేశాడు.

నిజంగానే ఫైనల్ ఆ రెండు కాలేజీల మధ్యే పడింది.

ఆటకి నాలుగు రోజుల ముందు, బుధవారం, వేదాద్రి కోచ్ గంగాధరం హరినాథ్‌ని తన గదికి పిలిచాడు. యూనివర్సిటీ జట్టుకి ఈసారి ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే తీసుకుంటారనీ, పేరు పంపేది తానేననీ, గెలిచిన జట్టువాడి పేరు పంపితేనే విలువనీ చెప్పాడు. ఆ తర్వాత తాపీగా, కోటవాళ్ళ పిలుపులు నువ్వు పెట్టినవేనటగా అన్నాడు.

హరినాథ్‌కి విషయం అర్థమైంది. అర్థం కావడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. ఒక్క నిమిషం తల వంచుకుని కూర్చున్నాడు. ఆ నిమిషంలో వాడికి ఒక చక్కని సాకు దొరికింది. ఆ పిలుపులు ఇంకా ఎందుకుంటాయి? తాళంచెవి పట్టుకుని ఒకడు ఇల్లు వదిలిపోతే అదే తాళం ఇంకా ఎవరు వేసుకుంటారు? ముత్యాలయ్య అంత అమాయకుడు కాడు. ఎప్పుడో మార్చేసి ఉంటారు. కాబట్టి చెప్పినా చెప్పినట్టు కాదు, ఎవరికీ నష్టం లేదు, గంగాధరం సారు దగ్గర మాత్రం మంచి పేరొస్తుంది. ఇలా సర్దిచెప్పుకుని లేచి, బోర్డు మీద నాలుగు ఊళ్ళూ రాశాడు, హోల్డాన్ సంగతి కూడా రాశాడు. గంగాధరం జట్టులో మిగతావాళ్ళందరినీ పిలిచి బట్టీ పట్టించాడు.

ఆదివారం మూడింటికి ఆట. నెల్లూరు ఎండ నెత్తిమీదే ఉంది. కోట జట్టు బస్సు దిగి వస్తుంటే హరినాథ్ చెట్టు చాటుకి పోదామనుకున్నాడు, సుబ్బు ముందే చూసేశాడు. నేరుగా వచ్చి, పలకరింపు లేకుండా, వాడి కుడిచెయ్యి పట్టుకుని చూపుడువేలు వంచి చూశాడు.

“పూర్తిగా వంగడం లేదే ఇంకా. నూనె రాస్తా ఉండావా?”

రాస్తున్నానని హరినాథ్ అబద్ధం చెప్పాడు. పిలుపులు మార్చారా అని అడగాలనుంది. అడిగితే ఎందుకడుగుతున్నావంటాడు. సుబ్బు ఇప్పుడు కోట జట్టు కెప్టెన్. వాడి పేరు ఎవరో పిలవడంతో వెళ్ళిపోయాడు.

మొదట బంతి కోటవాళ్ళది. విసిరేవాడు కాబట్టి హరినాథ్ అప్పుడు గీత బయట నిలబడ్డాడు. మాథ్యూ గొంతెత్తి అందుకున్నాడు. “గూడూరు, వాకాడు, హోల్డాన్, మనుబోలు, కోట, రైట్ రైట్.”

హరినాథ్ సుబ్బు కాళ్ళ వైపే చూశాడు. ఎడమకి పోకూడదు, దేవుడా, ఎడమకి పోకూడదు. సుబ్బు ఎడమకే పోయాడు. వాడు అక్కడికి చేరేసరికి వేదాద్రి పిల్లలిద్దరు ముందే కాచుకుని ఉన్నారు. బంతి నేలపాలైంది. రెండోసారి వాకాడు అన్నారు, కుడికి పోయారు. అక్కడా ఇద్దరు సిద్ధం. మూడోసారి గూడూరు. ఈసారి మాథ్యూ విసిరిన బంతిని వేదాద్రివాడే లాక్కుని అవతలి గీత దాకా పరుగెత్తాడు. ఆరు పాయింట్లు. చుట్టూ ఈలలు, చప్పట్లు. ఒక్కటంటే ఒక్కటి మార్చలేదని హరినాథ్‌కి తెలిసిపోయింది. ఎంత పిచ్చివాళ్ళు, ఎందుకు మార్చలేదు అని వాళ్ళ మీదే కోపం తెచ్చుకోవాలని చూశాడు. కోపం రాలేదు.

సగం ఆట అయ్యేసరికి వేదాద్రి పన్నెండు, కోట సున్నా. రెండో ఆరు హరినాథ్ విసిరిన బంతికే వచ్చాయి కానీ, వాడికి ఆ సంతోషం అంటలేదు. విరామంలో గంగాధరం దగ్గరికి పోయి, సార్, వాళ్ళు పిలుపులు మార్చుకున్నట్టున్నారు, ఇక వాటిని నమ్ముకోవద్దు అన్నాడు. గంగాధరం నవ్వి, అన్నీ సరిగ్గా పడుతుంటే మార్చారంటావేం అన్నాడు. హరినాథ్ గొంతు తగ్గించి, పోనీ వదిలేద్దాం సార్, మామూలుగా ఆడినా గెలుస్తాం అని బతిమాలాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. పేరు పంపే కాగితం ఇంకా తన జేబులోనే ఉందని గుర్తు చేశాడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. మైదానం మూల కుళాయి దగ్గర సుబ్బు ఒంటరిగా తల తడుపుకుంటున్నాడు. చెప్పేయాలి. మార్చుకోండిరా అని ఒక్క మాట అంటే చాలు, మిగతాది సుబ్బుకే అర్థమవుతుంది. హరినాథ్ అక్కడిదాకా నడిచాడు. నోరు తెరిచేలోపు సుబ్బే మాట్లాడాడు.

“మా వాళ్ళు నిన్ను అనుమానిస్తా ఉండారురా. సారైతే నువ్వు పోయిన రోజే పిలుపులు మార్చమన్నాడు. నేనే ఒప్పుకోలేదు. మారిస్తే నిన్ను దొంగన్నట్టే కదా.”

హరినాథ్ పారుతున్న నీళ్ళ వైపు చూశాడు.

“ఏందో ఈ రోజు మాకు కలిసి రావడం లేదు,” అన్నాడు సుబ్బు, మొహం తుడుచుకుంటూ. “నీ చెయ్యి మాత్రం బాగా పడతా ఉండాది. చూస్తానే ఉండా.”

విజిల్ మోగింది. సుబ్బు పరుగెత్తాడు. హరినాథ్ ఆ పారే కుళాయిని కట్టేసి, చెప్పాల్సింది చెప్పకుండానే వెనక్కి వచ్చాడు. పిరికివాడు. ఆ మాట తనకి తానే అనుకున్నాడు.

రెండో సగంలో వాడి చెయ్యి చచ్చుబడింది. విసిరిన ప్రతి బంతీ మనిషికి ఇవతలో అవతలో పడింది. ఒకటి నేరుగా కోటవాళ్ళ చేతికే వెళ్ళింది. అటు కోటవాళ్ళు మునుపటిలాగే ఊళ్ళు అరుస్తూ, మునుపటిలాగే దెబ్బ తింటూ, అయినా మొండిగా ఆడారు. ఒకసారి వేదాద్రివాడి చేతికి తగిలి ఎగిరిన బంతిని సుబ్బు నేలకి జానెడెత్తులో అందుకుని గీత దాటేశాడు. ఆరు, ఆపైన అదనంగా ఒకటి. పన్నెండుకి ఏడు. కోటకి ఇంకొక్క ఆరు పడితే కప్పు వాళ్ళదే.

ఇక ఒక్క విసురుకే సమయం. గడియారంలో ఎనిమిది సెకన్లు. బంతి కోటవాళ్ళది. గంగాధరం హరినాథ్‌ని పిలిచి, పొడుగరివి, వెనక నిలబడు, సుబ్బుని నువ్వే చూసుకో అన్నాడు. అలా ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, మధ్య పది అడుగుల దూరం.

మాథ్యూ గొంతు బొంగురుపోయింది. “వాకాడు, గూడూరు, హోల్డాన్, శ్రీహరికోట...”

వేదాద్రి పిల్లలు నలుగురూ ఒక్కసారిగా వెనక్కి జరగడం హరినాథ్ చూశాడు. సుబ్బు వాళ్ళ వైపు చూడడం లేదు. హరినాథ్ వైపే చూస్తున్నాడు, ఆ చూపులో అనుమానం ఇసుమంతైనా లేదు. ఆ చూపుని హరినాథ్ ఇక భరించలేకపోయాడు. రెండు చేతులూ పైకెత్తి గట్టిగా అరిచాడు.

“ఆగరా సుబ్బూ. పిలుపులు మార్చుకోండి. నేను చెప్పేసినాను. అన్నీ నేనే చెప్పేసినాను.”

రిఫరీకి ఏం చేయాలో తోచలేదు. ముత్యాలయ్యే ముందు తేరుకుని ఆట కాసేపు ఆపమని టైమ్‌అవుట్ అడిగాడు. గంగాధరం గీత దగ్గర నిలబడి, జేబులోంచి కాగితం తీసి హరినాథ్‌కి కనిపించేలా నిలువునా చింపాడు. హరినాథ్ దాన్ని చూశాడు, చూసినా ఏమీ అనిపించలేదు. వాడి కళ్ళు సుబ్బు మీద ఉన్నాయి. సుబ్బు కదల్లేదు. వాడి మొహంలో కోపం కూడా రాలేదింకా. మాథ్యూ వచ్చి భుజం పట్టుకుని తీసుకుపోవలసి వచ్చింది.

మళ్ళీ వచ్చి నిలబడ్డప్పుడు మాథ్యూ ఊళ్ళ పేర్లు ఎత్తలేదు. ఒకటి, రెండు, మూడు అని ఉత్త అంకెలు చదివాడు. ఎటు వస్తారో హరినాథ్‌కి తెలియదు. సుబ్బు ఏం చేయబోతున్నాడో తనకి తెలియకపోవడం మూడేళ్ళలో అదే మొదటిసారి.

బంతి లేచింది. సుబ్బు కుడికి రెండడుగులు వేసి, ఠక్కున ఎడమకి తిరిగి, బంతి అందుకుని హరినాథ్ మీదికే వచ్చాడు. వదిలేస్తే పోతుంది. వదిలేస్తే సుబ్బు గెలుస్తాడు, బాకీ తీరిపోతుంది. ఆ ఆలోచన రావడమూ, అది ఇంకో ద్రోహమని తెలియడమూ ఒక్కసారే జరిగాయి. తనని నమ్ముకుని నలుగురు పిల్లలున్నారు, చెప్పింది బట్టీ పట్టారే తప్ప ద్రోహం వాళ్ళది కాదు. హరినాథ్ ఒళ్ళంతా విసిరి దూకాడు. మోచేతులు దోక్కుపోయాయి. పిడికిట్లో గుడ్డ పీలిక ఉంది. సుబ్బు గీతకి అడుగు దూరంలో ఆగిపోయాడు.

వేదాద్రి గెలిచింది. పిల్లలు గెంతుతున్నారు, హరినాథ్ దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆ ఆటలో ఒక పద్ధతుంది. లాగినవాడే ఆ పీలికని మళ్ళీ మనిషికి అందించాలి. హరినాథ్ లేచి, దుమ్ము దులిపి, రెండు చేతులతో అందించాడు. సుబ్బు తీసుకుని నడుముకి తగిలించుకున్నాడు.

“ముందెప్పుడో చెప్పినావంటే సరేలే అనుకుంటా,” అన్నాడు తలెత్తకుండా. “మేం మార్చుకుంటామనుకొనుంటావు. కుళాయి కాడ ఎందుకు చెప్పలేదురా?”

“భయమేసింది.”

“నేనంటేనా?”

హరినాథ్ తలూపాడు. సుబ్బు అప్పుడు తలెత్తి వాణ్ణి చూశాడు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

“నేనంటే భయపడేంత దూరం ఎప్పుడు పోయినావురా,” అన్నాడు.

ముత్యాలయ్య బస్సుకి టైమైందని పిలిచాడు. సుబ్బు వెళ్ళిపోయాడు. హరినాథ్ ఆ గీత దగ్గరే నిలబడి, బుధవారం నుంచి వెనక్కి, అడ్మిషన్ అయ్యాక ఫోన్ చేసిన రోజుదాకా ఒక్కో రోజే లెక్కపెట్టుకున్నాడు.